కానరాని సైనికుడు - కనిపెట్టు కన్ను



గ్రామములలో తగవులు తీర్చు పెద్దలు పలువురు ఈ ప్రసంగము విందురని యెఱిగియే నేడొక చిన్న తగవును మీ ముందుంచుచున్నాను. అది నా యింట పుట్టినది. తీర్పు చెప్పినవాడను నేను. ఆ తీర్పు తప్పు.

గత వేసవి సెలవులకు నా మనుమలిద్దఱు మా యూరికి వచ్చిరి. రెండు కంప్యూటరులను ప్రక్కప్రక్కన నుంచుకొని వారొక యుద్ధక్రీడ నాడుచుండిరి. దాని పేరు స్టార్‌క్రాఫ్ట్. అమెరికా దేశమున బ్లిజార్డ్ అను సంస్థ 1998లో దానిని వెలువరించినది. బ్రూడ్ వార్ అను అనుబంధమును ఆ యేటనే తోడైనది. దక్షిణ కొరియాలో ఈ యాట పోటీలను జనులు టెలివిజనులో చూచుచుండిరన్న, దాని వ్యాప్తి యెట్టిదో మీరే యూహింపవచ్చును. కథ నక్షత్రలోకములలో జరుగును. పోరాడు జాతులు మూడు: మానవులైన టెర్రనులు, గొప్ప విద్యలు గల ప్రొటాసులు, పురుగులవలె ప్రబలు జెర్గులు. ఆటగాడు గనులు త్రవ్వించి, కట్టడములు లేపి, సేనను పెంచి, ఎదుటివాని స్థావరమును కూల్చవలెను.

ఒకనాటి సాయంకాలము పెద్దవాడు ప్రొటాసుల పక్షమునను, చిన్నవాడు టెర్రనుల పక్షమునను ఆడిరి. కొంతసేపటికి చిన్నవాని సైనికులు, కొట్టువాడెవ్వడో కానరాకయే, ఒకరి వెంట నొకరు కూలిరి. వాడు కన్నీరు నించుకొని నా యొద్దకు వచ్చి, "తాతయ్యా! అన్న మోసము చేయుచున్నాడు. కనబడనివానిని నేనెట్లు కొట్టుదును?" అనెను.

వచ్చినవాడు డార్క్ టెంప్లరు అను యోధుడట. వాడెల్లప్పుడును అదృశ్యుడే. వాని వ్రేటు బలము 40. టెర్రనుల సామాన్య సైనికుని ప్రాణబలమును 40. ఒక్కొక్క వ్రేటునకు ఒక్కొక్క ప్రాణము! తెరపై నీటి తళుకువంటి చిన్న కదలిక కనబడవచ్చును గాని, వానిపై గుఱి పెట్టుమని సైనికుల కాజ్ఞ యిచ్చుటకు వీలులేదు. మేఘముల చాటునుండి బాణములు గురిపించిన ఇంద్రజిత్తు నాకు తలపునకు వచ్చెను. "చాటునుండి కొట్టుట అధర్మము. నేటినుండి మీ యాటలో కానరాని సైనికుడు కూడదు" అని తీర్పు చెప్పితిని. తగవు తీరినదని నేను నిశ్చింతగా నుంటిని.

మూడు దినములు ఆ తీర్పు నడచెను. మూడు దినములును చిన్నవాడే గెలిచెను. నాల్గవ దినమున పెద్దవాడు ఆటకు రాలేదు. తమ్మునితో మాటలాడుటయు మానెను. పిలిచి కారణ మడుగగా వాడిట్లు చెప్పెను: "తాతయ్యా, నీవు నా చేతి కత్తిని లాగికొంటివి. తమ్ముడు నేలలో పాతి దాచు మందుపాతరలు మాత్రము అట్లే యున్నవి. అవి సైనికులు కావు గదా! అంతియే కాదు. నాకు వెఱచి వాడు కావలికై వెచ్చింపవలసిన ధనమంతయు ఇప్పుడు సేనకే పోవుచున్నది."

నాకు తల వంగినది. తూకము సరిచేయబోయి నేను తక్కెడ ముల్లునే వంచితిని. ఆ రాత్రి ఇద్దఱిని కూర్చుండబెట్టి, మూడు జాతుల జమాఖర్చులను వ్రాయించితిని.

మొదట మఱుగు సంగతి. టెర్రనులలో ఘోస్టు అను వేగులవానికిని, రెయిత్ అను విమానమునకును దాగు విద్య కలదు. దాగియున్నంతసేపును వాని శక్తి తరుగుచుండును. శక్తి తీరగానే బయటపడును. డార్క్ టెంప్లరుకు ఆ తరుగుదల లేదు. కాని వాని దేహబలము గొప్పది కాదు. వానిని రప్పించుటకు ముందుగా ఖరీదైన కట్టడములు వరుసగా కట్టవలెను. ఆ వ్యయమంతయు సేనలో తఱుగే. జెర్గుల లర్కరు భూమిలో దూరి ముండ్లతో పొడుచును. దూరియున్నంతసేపు కదలలేదు.

ఇక చూపు సంగతి. టెర్రనులు యుద్ధభూమిలో తాము కోరిన చోట కొన్ని క్షణములు వెలుగు ప్రసరింపజేసి, దాగినవానిని చూడగలరు. ఒక్కొక్క మాఱు 50 పాళ్ల శక్తి వ్యయమగును. వారి క్షిపణి బురుజు నేలపై దాగినవానిని చూపును గాని, కొట్టలేదు. ప్రొటాసుల కన్ను అబ్జర్వరు అను చిన్న యంత్రము. అదియు అదృశ్యమే గాని నిరాయుధము. జెర్గులకు మాత్రము మొదటినుండియు కన్నులున్నవి. ఓవర్‌లార్డు అను ఆకాశజీవి దాగినవానిని చూడగలదు. కాని అది మిక్కిలి మందగమనము కలది. పైగా జెర్గుల సేన యెంత పెరుగవచ్చునో ఆ జీవుల సంఖ్యయే నిర్ణయించును. వానిని కూల్చినచో చూపును పోవును, సేనను పెంచు వీలును పోవును.

ఈ లెక్క చూచినంతట నాకు మా యూరి రచ్చబండపై గీచిన పులిజూదము జ్ఞప్తికి వచ్చెను. పులులు మూడు, మేకలు పదునైదు. పులి చంపగలదు, మేక చంపలేదు. అయినను ఆటను ఎవ్వరు అన్యాయమనిరి? ఇరుపక్షములకును ఒకే ఆయుధ మిచ్చుట న్యాయము కాదు. ప్రతి బలమునకును తగిన వెల యుండుట, ప్రతి దెబ్బకును వెదకినచో కాపు దొరకుట న్యాయము. దాగువానికి వెల లేకున్న ఆట దొంగలపాలగును. చూచువానికి వెల లేకున్న దాగు విద్యయే వ్యర్థమగును.

ఆట చేసినవారికైనను తూకము ఒక్కసారిగా కుదరలేదు కాబోలు. 2010లో వెలువడిన రెండవ స్టార్‌క్రాఫ్ట్‌లో ఓవర్‌లార్డునకు ఆ సహజమైన చూపును తీసివేసిరి. అదనపు వ్యయముతో దానిని ఓవర్‌సీరు అను వేఱొక రూపమునకు మార్చినగాని దాగినవాడు కనబడడు. చేసినవారే తక్కెడను మరల పట్టగా, నా తీర్పును నేను దిద్దుకొనుటకు సిగ్గేల?

మఱునాటి ఉదయమున మనుమలిద్దఱి యెదుట, "నాయనలారా, నేను తప్పు చెప్పితిని. కానరాని సైనికుడు ఆటలో నుండవచ్చును" అంటిని. పెద్దవాడు తమ్మునికి బురుజు ఎక్కడ కట్టవలెనో తానే చూపెను. తరువాత ఆటకు కూర్చుండిరి.

ఆనాడును చిన్నవాడే ఓడెను. కాని యేడువలేదు. "తాతయ్యా, మొదటనే తొందరపడి వెలుగు వేసితిని. డార్క్ టెంప్లరు వచ్చునప్పటికి 50 పాళ్లు మిగులలేదు" అనెను. తానెందులకు ఓడెనో వానికి తెలిసినది. అన్న మోసము చేసెనన్న మాట మరల వాని నోట రాలేదు.

పెద్దలారా! మన యెదుటికి ఒకడు వచ్చి, "వాడు చాటుననుండి కొట్టినాడు" అని మొఱపెట్టుకొన్నప్పుడు వెంటనే నిషేధము విధింపకుడు. దాగినవాడు చెల్లించిన వెల యేమి? మొఱపెట్టువానికి కనిపెట్టు సాధనము కలదా, లేదా? కలిగియు వాడు కన్ను మూసికొనెనా? ఈ మూడును అడుగుడు. అడుగక చెప్పిన నా తీర్పు మూడు దినములు అన్నదమ్ములను విడదీసినది.