చెట్టు చేతికొచ్చేదాకా: వ్యవసాయ పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం

పంటనూ చెట్టునూ, వీలైనచోట పశువునూ ఒకే కమతంలో కలిపి పెంచే పద్ధతిని వ్యవసాయ అటవీ సాగు అంటారు. పేరు కొత్తది, పని పాతది. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో అవిశె చెట్టు తీగకు ఊతమిస్తుంది, ఆకు మాడిపోకుండా నీడ పడుతుంది, కోసిన రొట్ట మేకలకు మేతవుతుంది. ఆ తోటల యజమానుల్లో ఎవరూ తాము అటవీ సాగు చేస్తున్నామని అనుకోరు. వినుకొండ ప్రాంతపు పత్తి, మిరప చేలల్లో మాత్రం ఆ కలయిక ఒక తరం కిందటే తెగిపోయింది. దాన్ని మళ్ళీ కలపాలంటే మొక్కలు పంచితే చాలదు. మొక్క నాటిన రోజుకూ చెట్టు డబ్బిచ్చే రోజుకూ మధ్య ఉన్న ఏళ్ళను చిన్న రైతు ఎలా గడుపుతాడన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడేవరకు వినుకొండ గుంటూరు జిల్లాలో ఉండేది. దక్షిణాన ప్రకాశం మెట్ట మొదలవుతుంది. గుండ్లకమ్మ ఈ దాపునే పారుతుంది. సాగర్ కుడి కాల్వ అందినచోట మాగాణి, అందనిచోట నల్లరేగడి మెట్ట, కొండల పక్కన ఎర్ర నేల. వాన తక్కువ, పడిన నాలుగు పెద్ద వానలూ మట్టిని కోసుకుపోతాయి. ఈ చేల గట్ల మీద ఒకప్పుడు నల్ల తుమ్మ, వేప, తాడి, అక్కడక్కడా చింత ఉండేవి. తుమ్మ కర్రతో బండి చక్రాలు, నాగళ్ళు చేయించేవారు. కాయలు గొర్రెలు తినేవి, ముళ్ళకంప కంచెకు పనికొచ్చేది. ఎడ్ల బండి పోయి ట్రాక్టరు వచ్చాక తుమ్మకు గిరాకీ పోయింది, ట్రాక్టరు తిరగడానికి అది అడ్డం కూడా అయింది. మిరప ధర ఎక్కిన కొద్దీ గట్టు సన్నబడింది. చెట్టు నీడన నాలుగు సాళ్ళు గిడసబారితే ఆ నష్టం మిరప రైతుకు వెంటనే లెక్క తేలుతుంది, చెట్టు చేసే మేలు తేలదు. అందుకే గొడ్డలి వేశాడు. అతని లెక్కలో తప్పు లేదు, ఆ రోజు మార్కెట్టు ముందు పెట్టిన అంకెలు అవే.

పత్తి, మిరప కలిసి ఈ ప్రాంతానికి డబ్బు తెచ్చాయి, అప్పూ తెచ్చాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ఊడ్చేసింది. కొట్టిన మందే దోమను పెంచిందని తర్వాత తేలింది. ఆ ఏడాది రైతుల ఆత్మహత్యలతో ఈ జిల్లాల పేరు దేశమంతా తెలిసింది. 2021-22లో మిరపకు కొత్త రకం తామర పురుగు వచ్చింది. పూతలోకి చేరి, పిందె పట్టనివ్వకుండా చేలకు చేలనే పీకించింది. ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి పెట్టే పంట ఒక్క పురుగుతో సున్నా అయితే, ఆ ఇంటికి ఆ ఏడాది రెండో ఆదాయమనేది ఉండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపు. అంత చిన్న కమతంలో ఒకే పంటను నమ్ముకోవడం ప్రమాదమే. దానిలోనే చెట్టుకు చోటివ్వమనడమూ తేలికైన మాట కాదు.

చెట్టు నేలకు చేసే పని నెమ్మదిగా సాగుతుంది. రాలిన ఆకు కుళ్ళి సేంద్రియ పదార్థం పెరుగుతుంది. వేరు పోయిన దారిలో నీరు దిగుతుంది. పంట వేర్లకు అందని లోతులోని పోషకాలు ఆకు రూపంలో పైకి వస్తాయి. చిక్కుడు కుటుంబపు చెట్లయితే వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. గ్లైరిసిడియా ఎండు ఆకులో సుమారు రెండున్నర శాతం నత్రజని ఉంటుంది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ చేపట్టిన వాటర్‌షెడ్‌లో ఈ మొక్కనే గట్ల మీద వరుసగా పెంచారు. గట్టు నిలిచింది, కొట్టిన రొట్ట చేనికి ఎరువయింది. పంట భూమిలో ఒక్క సాలు కూడా తగ్గలేదు కాబట్టి రైతుకు అభ్యంతరమూ రాలేదు.

అయితే చెట్టు పంటతో పోటీ పడుతుందన్నదీ నిజమే. నీటికీ ఎండకూ రెండూ పెనుగులాడతాయి. జామాయిల్ పక్కన కంది ఎందుకు ఎదగదో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి ఉపాయాలున్నాయి. వరుసలు తూర్పు పడమరలుగా వేస్తే నీడ తక్కువ పడుతుంది. పంట పెరిగే రోజుల్లో కొమ్మలు కొట్టాలి. చెట్ల వరుసకూ పంటకూ మధ్య సన్న కందకం తీస్తే పైవేళ్ళు తెగుతాయి. నేలను బట్టి చెట్టును ఎంచడం వీటన్నిటికంటే ముఖ్యం. ఎండితే నోరు తెరిచి, తడిస్తే నీరు నిలబెట్టే బరువు రేగడిలో మామిడి, టేకు సరిగా ఎదగవు. వేప, తుమ్మ, సుబాబుల్ నిలుస్తాయి. మామిడి, సీతాఫలం కొండవార ఎర్ర నేలలవి. సర్కారు నర్సరీలో ఏ మొక్క మిగిలిందో అదే పంచిన కార్యక్రమాలు ఈ చిన్న సంగతి దగ్గరే దెబ్బతిన్నాయి.

గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో రైతులు ఎవరూ చెప్పకుండా పెద్ద ఎత్తున చేపట్టిన చెట్ల సాగు ఒకటుంది, సుబాబుల్. మెట్ట పంటలతో విసిగిన రైతులు, పట్నంలో స్థిరపడిన భూస్వాములు దీని వైపు మళ్ళారు. కారణాలు చాలా మామూలువి. విత్తనం చవక, నేరుగా చల్లినా మొలుస్తుంది. మందులు అక్కర్లేదు, కూలీల కోసం వెతుకులాట లేదు. మూడు నాలుగేళ్ళకు కోతకు వస్తుంది, మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. ఆకు జీవాలకు మంచి మేత. అందులోని మైమోసిన్ వల్ల దాన్నొక్కదాన్నే మేపకూడదు, ఇతర మేతలో కలిపి పెట్టాలి. కర్రకు కాగితపు మిల్లుల గిరాకీ ఉండేది. భద్రాచలం దగ్గర సారపాకలోని మిల్లు 1989 నుంచి జామాయిల్ క్లోన్ల మీద పరిశోధన చేసి, ఏపుగా ఒకే తీరున పెరిగే రకాలను రైతులకు అందించింది. నర్సరీ మొక్క ఎలా ఉండాలో రాష్ట్రానికి నేర్పింది ఆ పనే అంటే అతిశయోక్తి కాదు.

కథ ఇక్కడితో ఆగితే పాఠ్యపుస్తకానికి బాగుండేది. వేలాది ఎకరాల్లో ఒకేసారి నాటిన కర్ర ఒకేసారి కోతకు వచ్చింది. కొనేవి నాలుగైదు మిల్లులే. 2010ల మధ్యలో మార్కెట్ కమిటీల ద్వారా కొనుగోలుకు ప్రభుత్వం సుబాబుల్‌కు టన్నుకు 4,200 రూపాయలు, జామాయిల్‌కు 4,400 రూపాయలు నిర్ణయించింది. పొలం దగ్గర రైతు చేతికి వచ్చింది మాత్రం అందులో చాలా తక్కువ. నరుకుడు కూలి, తొక్క తీసే కూలి, లారీ కిరాయి, తరుగు, దళారి వాటా అన్నీ ఆ ధరలోంచే పోయాయి. కొన్నిచోట్ల డబ్బులకు ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. మిరపనైతే శీతల గిడ్డంగిలో పెట్టి ధర కోసం చూడవచ్చు. నరికిన పచ్చి కర్ర ఎండే కొద్దీ బరువు తగ్గుతుంది, బరువుతో పాటు బిల్లూ తగ్గుతుంది. నరకకుండా నిలబెట్టుకోగలిగింది వేరే ఆదాయమున్న పెద్ద రైతులే. సుబాబుల్ తీసేసి మళ్ళీ పత్తి వేద్దామనుకున్న చిన్న రైతు మోళ్ళు పీకడానికి యంత్రం కిరాయి వెతుక్కున్నాడు.

ఇందులో లోపం చెట్టుది కాదు, చేనంతా చెట్టే అయిన పద్ధతిది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఖమ్మం జిల్లాలో జామాయిల్ మీద చేసిన ప్రయోగాలు వేరే దారి చూపాయి. చెట్లను దగ్గర దగ్గరగా జంట సాళ్ళలో నాటి, జంటకూ జంటకూ మధ్య ఎడం బాగా పెంచితే, చెట్ల సంఖ్య తగ్గించకుండానే నడుమ అంతరపంట తీయవచ్చు. కర్ర ధర పడిపోయిన ఏడాది కూడా ఆ రైతు చేతిలో పంట ఉంటుంది. అరక తిరిగేంత ఎడం ఉన్నప్పుడే అది రైతు చేను, లేకపోతే మిల్లు తోట.

నడిమి ఏళ్ళ ఖర్చు ఎవరు భరించాలి? దీనికి రాష్ట్రంలో రెండు మూడు రకాల సమాధానాలు దొరికాయి. అనంతపురం వంటి కరువు జిల్లాల్లో ఉపాధి హామీ పథకం కింద చిన్న, సన్నకారు రైతుల మెట్ట భూముల్లో పండ్ల తోటలు వేయించారు. గుంత తవ్వకం, మొక్క మాత్రమే కాక, మూడేళ్ళ పాటు నీరు పోసి కాపాడే కూలి కూడా పథకమే ఇచ్చింది. రైతు తన మొక్కకు తనే నీరు పోసుకుని వేతనం తీసుకోవడమన్నది ఈ పథకంలో అన్నిటికంటే తెలివైన అంశం. అరకులో 2010 నుంచి నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి గిరిజన రైతుల భూముల్లో లక్షల సంఖ్యలో పండ్ల చెట్లు, నీడ చెట్లు నాటించాయి. విదేశీ సంస్థలు పెట్టుబడి ముందే పెట్టి, చెట్లు పీల్చుకున్న కర్బనానికి క్రెడిట్లు తీసుకుంటాయి, కాఫీ, పండ్లు రైతువే. కానీ అరకు వాన వేరు, అరకు నేల వేరు, అక్కడ భూమి రైతు చేతిలో ఉంది. ఆ నమూనాను వినుకొండ మెట్టకు యథాతథంగా మోసుకురావడం కుదరదు.

రాష్ట్ర ప్రభుత్వం 2014లో ఏర్పాటు చేసిన రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ మెట్టకు దగ్గరగా ఉంటుంది. తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పడం, ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు పెట్టి రోజువారీ చిల్లర ఖర్చులకు డబ్బు చూసుకోవడం, గట్ల మీద మునగ, ఆముదం, కంది, నడుమ పండ్ల మొక్కలు ఇందులో భాగం. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం ఈజిప్టు సంస్థ సెకెమ్, శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తో పాటు ఈ కార్యక్రమానికి దక్కింది. దిగుబడుల గురించి వ్యవసాయ శాస్త్రవేత్తల్లో ఇంకా వాదనలున్నాయి, ఉండటం మంచిదే. అటవీ సాగుకు ఇందులో పనికొచ్చే అంశం ఆదాయపు వరుస. వారానికి ఆకుకూర, మూడు నెలలకు కూరగాయ, ఆరు నుంచి ఎనిమిది నెలలకు మునగ, మూడు నాలుగేళ్ళకు పండు, ఆ తర్వాత కర్ర. పై మెట్టు వచ్చేదాకా కింది మెట్టు ఇంటిని నిలబెడుతుంది.

ఇంతవరకు చెప్పిందంతా సొంత భూమి ఉన్న రైతుకే వర్తిస్తుంది. గుంటూరు, ప్రకాశం మిరప, పత్తి చేలల్లో పని చేసేవారిలో కౌలు రైతులు చాలామంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలకు చెల్లుతుంది, దానికీ యజమాని సంతకం కావాలి. పదకొండు నెలల కాగితంతో నాలుగేళ్ళ చెట్టు ఎవరూ నాటరు. నాటుతానన్నా యజమాని ఒప్పుకోడు, చెట్టు పెరిగితే దానితో పాటు హక్కు కూడా పాతుకుంటుందని అతని భయం. చెట్ల సాగు మీద జరిగే సభల్లో ఈ మాట అరుదుగా వినబడుతుంది, అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఇదే. గట్టు చెట్టు ఫలంలో ఇద్దరికీ వాటా రాసుకునే కౌలు పత్రం, అయిదేళ్ళకు తగ్గని గడువు లేకపోతే కౌలు రైతుకు చెప్పగలిగింది కంది, ఆముదం, మునగ వరకే. మిరప చుట్టూ రెండు మూడు వరుసల జొన్న వేయడం కూడా ఆ కోవలోదే. అది పదకొండు నెలల్లో అయిపోయే పని కాబట్టి చేస్తారు.

నరకడానికి అనుమతులు మరో చిక్కు. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీటినీ చెట్టునూ కాపాడటానికి చేసింది. అయితే తన గట్టు మీద టేకు నరకడానికి కార్యాలయాల చుట్టూ తిరిగిన రైతు మళ్ళీ టేకు నాటడు. సుబాబుల్, జామాయిల్, సరుగుడుకు అలాంటి ఇబ్బంది పెద్దగా లేకపోవడం కూడా అవి వ్యాపించడానికి ఒక కారణం. 2014 ఫిబ్రవరిలో భారతదేశం జాతీయ వ్యవసాయ అటవీ సాగు విధానాన్ని ప్రకటించింది. ప్రపంచంలో అలాంటి విధానం తెచ్చిన మొదటి దేశం మనదే. అనుమతులు సులువు చేయాలని, బీమా, రుణం చెట్లకూ వర్తించాలని అందులో ఉంది. అది ఊరి స్థాయికి దిగడంలో జాప్యం అందరికీ తెలిసిందే. ఇలాంటి విధానమేదీ లేని 1990లలో టేకు కంపెనీలు పత్రికల నిండా ప్రకటనలిచ్చి మధ్యతరగతి డబ్బు పట్టుకుపోయాయి. ఇప్పుడు మలబారు వేప గురించి వస్తున్న ప్రకటనల్లో కొన్ని అదే భాషలో ఉన్నాయి.

వ్యవసాయ పట్టభద్రుడి పని ఇక్కడ మొదలవుతుంది. బ్యాంకులో, రైతు సేవా కేంద్రంలో, విత్తన సంస్థలో, స్వచ్ఛంద సంస్థలో ఎక్కడ చేరినా ఎప్పుడో ఒకప్పుడు ఒక రైతు ముందు కూర్చుని ఏ మొక్క నాటాలో చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ముందుగా అడగవలసినవి నేల రంగు, కాల్వ నీటి సంగతి, భూమి సొంతమా కౌలా, ఇంట్లో జీవాలున్నాయా, అప్పు కిస్తీ ఏ నెలలో పడుతుంది. ఆ తర్వాత రైతు తిరిగి అడగబోయేవి మూడు: కాయో కర్రో ఎవరు కొంటారు, పోయిన ఏడాది పొలం దగ్గర ఎంతకు కొన్నారు, నరకడానికి అనుమతి ఎవరివ్వాలి. ఈ మూడింటికి జవాబు దగ్గర లేనప్పుడు మొక్క చేతికివ్వకూడదు. నాటిన మొక్కల సంఖ్యతో నివేదిక పంపమని పై అధికారి అడుగుతాడు. పట్టభద్రులు ఆ గడి నింపి పంపాక, మూడో వేసవి దాటి బతికిన మొక్కల సంఖ్యనూ ఆ మూడేళ్ళలో రైతు ఇంటికి వచ్చిన ఆదాయాన్నీ కూడా తామే రాసి పై అధికారి ముందు పెట్టాలి.