ఉతుకు యంత్రమును కొనుటకు ముందు
(మన సంఘపు కుటుంబ సమావేశమునందలి ప్రసంగపాఠము)



ఉతుకు యంత్రమును కొనబోవువారు అంగడిలో మొదట ధర నడుగుదురు. పిదప రంగు చూతురు. నీటి మాట ఎవరును ఎత్తరు. వేసవి వచ్చినచో హోసూరు వీధి మొగలో ట్యాంకరుకై కాచుకొనియుండు మనమే నీటి లెక్క మరచుట వింతగా నున్నది.

మన యిండ్లలో పెక్కింట నున్నది సెమీ ఆటోమేటిక్ అనబడు రెండు తొట్ల యంత్రము. ధర తక్కువ, కుళాయి రానినాడు బిందెలతో నింపవచ్చును. అయితే జాడించునపుడు కుళాయి విప్పి విడిచిపెట్టినచో నీరంతయు అచ్చటనే పోవును. తొట్టి నింపి రెండు మారులు జాడించి, కడపటి నీటిని మరుసటి విడత ఉతుకుటకు ఉంచుకొనువారికి క్రొత్త యంత్రమే అక్కరలేదని మా యభిప్రాయము. అంగడివారు మెచ్చకపోవచ్చును!

కొనియే తీరవలసినవారికి ముందు తలుపుగల ఫ్రంట్ లోడ్ యంత్రము మేలు. అందు బట్టలు నిండు నీట మునిగియుండవు. అడ్డముగా తిరుగు డోలు వానిని పైకెత్తి క్రింద పడవేయును. చాకిరేవు బండపై పడినట్లే మురికి వదలును. కావున పైమూత యంత్రముకంటె చాల తక్కువ నీరు చాలును. మిద్దెపై తొట్టి తగినంత ఎత్తున నున్నదో లేదో మాత్రము ముందే చూచుకొనవలెను. నీటి ఒత్తిడి చాలనిచో యంత్రము మొరాయించును. నురుగు తక్కువగల పొడినే వాడవలెను.

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్ర సంస్థ 2019లో ఈ యంత్రములకు నక్షత్రపు చీటీని ప్రవేశపెట్టినది. నక్షత్రములను ఎంచి ఊరకుండక, కిలో బట్టలకు ఎన్ని లీటర్ల నీరు, ఎంత విద్యుత్తు పట్టునని అడుగుడు. డోలు త్రిప్పుటకు పట్టునది స్వల్పము. నీరు కాచుటకే అధిక భాగము వ్యయమగును. తమిళనాట 2016 నుండి రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితమే. ఆపైన వాడుక హెచ్చినకొలది యూనిటు ధరయు హెచ్చునుగదా.

మన బోరునీరు పెక్కుచోట్ల ఉప్పునీరు. కాచినకొలది సున్నము హీటరు కడ్డీపై పేరుకొని మరింత విద్యుత్తును తినును. అట్లని 2013లో ఆరంభమైన హొగెనకల్లు పథకపు నీటిని యంత్రములో పోయుదుమా? ఫ్లోరైడు బాధ తీర్చుటకై మన గ్రామములకు తెచ్చిన కావేరి జలమది. నురుగుపాలు చేయుటకు మాకు మనసొప్పదు. బోరునీటినే కాచక వాడి, డోలు నిండిన పిదపనే యంత్రమును నడుపుడు.

పిండు వేగము సంగతి ఊరినిబట్టి యుండును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న హోసూరులో ఆశ్వయుజ కార్తికముల తుంపరలకు బట్టలారవు. అచ్చట వేగముగా పిండునది అక్కరకు వచ్చును. కృష్ణగిరి ఎండకు దానికై సొమ్ము పోయనేల?

ఇక నొకమాట. మేము చూచిన యంత్రములపై తెలుగక్షరము కానరాలేదు. మాలో నొకరి యింట మీటలచెంత ‘చల్లనీరు’, ‘జాడించుట’, ‘పిండుట’ అని చీటీలంటించిరి. నాటినుండి ఆ యింటి అవ్వ మనుమని పిలువక తానే యంత్రమును నడుపుచున్నది. అట్టి చీటీలు కావలసినవారు తమ యంత్రపు మీటలపై నున్నదానిని వ్రాసి సంఘమునకు పంపినచో, తెలుగున వ్రాసి యిత్తుము.