హౌలాండ్ దారిలో మూగబోయిన రేడియో

నేడు పట్టాలు అందుకుంటున్న స్నాతకులలో పలువురు, ఒక యంత్రం పలికింది మరో యంత్రానికి అందితేనే మనిషి ప్రాణం నిలిచే చోట పని చేయబోతున్నారు గనుక, 1937 జూలై 2న పసిఫిక్ మహాసముద్రం మీద విమానచోదకురాలు అమీలియా ఇయర్‌హార్ట్, ఆమె నావిగేటరు ఫ్రెడ్ నూనన్ ఎలా కనుమరుగయ్యారన్నది వారు కూలంకషంగా తెలుసుకోదగిన విషయం. భూప్రదక్షిణలో ముప్పాతిక భాగం ముగించి, కరాచీ, కలకత్తాల మీదుగా న్యూగినీలోని లే చేరిన ఆ ఇద్దరూ అక్కడినుంచి సుమారు 4,100 కిలోమీటర్ల దూరాన ఉన్న హౌలాండ్ దీవికి బయలుదేరారు. ఆ దీవి పొడవు రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు కిలోమీటరు లోపు; పైగా నాటి పటాల్లో దాని స్థానం కొన్ని మైళ్లు పక్కకు జరిగి ఉంది.

సూర్యనక్షత్రాల ఎత్తును సెక్స్టెంటుతో కొలిచి స్థానాన్ని లెక్కగట్టడంలో నూనన్ ఆరితేరినవారే అయినా, ఆ లెక్కలో మిగిలిపోయే కొద్ది మైళ్ల తేడాను తీర్చవలసింది రేడియో. అందుకే విమానం మీద కంకణంలా గుండ్రటి లూప్ యాంటెన్నా ఉండేది. దానిని తిప్పుతూ పోతే ఒకచోట స్టేషను ధ్వని బాగా సన్నగిల్లుతుంది, ఆ కనిష్ఠ స్థానమే స్టేషను ఉన్న దిక్కును పట్టిస్తుంది. బయలుదేరే ముందురోజు లే మీద జరిపిన పరీక్షలో ఆ కనిష్ఠం దొరకలేదు. స్టేషనుకు మరీ దగ్గరగా ఉండటమే కారణమని ఇయర్‌హార్ట్ భావించారు. ప్రయాణాన్ని ఆపి విచారించవలసిన ఘడియ ఏదైనా ఉంటే అది అదే. ఆ సంగతిని పసిగట్టగల రేడియో నిపుణుడు హ్యారీ మానింగ్, మార్చిలో తొలి ప్రయత్నంలో హోనొలులు వద్ద విమానం దెబ్బతిన్నాక బృందం నుంచి తప్పుకున్నారు.

దీవి దగ్గర వేచి ఉన్న అమెరికా తీరరక్షక నౌక ఇటాస్కాలోని దిశానిర్ధారక యంత్రం 500 కిలోసైకిళ్ల (నేటి మాటలో కిలోహెర్ట్జ్) ప్రాంతంలోనే పనిచేసేది. ఆమె గొంతు 3105 కిలోసైకిళ్ల మీద వచ్చేది. 500 మీద ప్రసారానికి తోడ్పడే పొడవాటి వేలాడు తీగ అప్పటికే విమానంలో లేదు. హౌలాండ్ మీద ఉంచిన ప్రత్యేక దిశానిర్ధారక యంత్రం బ్యాటరీలు తెల్లవారేసరికి నీరసించాయి. ఇక ఆమె కోరిన 7500 కిలోసైకిళ్ల సంకేతం, అంత హెచ్చు పౌనఃపున్యంలో ఆ లూప్‌తో దిక్కు తేల్చడానికి పనికివచ్చేది కాదు.

ఉదయం 7:42కు, నౌక మీదికే వచ్చి ఉండాలని, అయినా అది కనబడటం లేదని, ఇంధనం తగ్గిపోతోందని ఇయర్‌హార్ట్ తెలిపారు. కాసేపటికి నౌక సంకేతం వినబడిందని, కనిష్ఠం మాత్రం దొరకలేదని చెప్పారు. 8:43కు 157–337 రేఖ మీద ఉన్నామన్నారు. ఉదయసూర్యుణ్ణి కొలిస్తే వచ్చే అటువంటి రేఖ, విమానం దాని మీద ఎక్కడో ఉందని చెబుతుందే తప్ప ఏ చోట ఉందో చెప్పలేదు. ఆ సందేశాన్నే 6210 మీద మళ్లీ వినిపిస్తానని ఆమె అన్నారు. ఇటాస్కా ఆపరేటర్లు 6210కు మారి చెవులు రిక్కించి కూర్చున్నారు; అక్కడ ఆమె గొంతు వారికి వినిపించలేదు.