పిల్లల మనసు చూసేవారి చదువేమిటో అడుగుదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  నేను 1984 పదో తరగతి బ్యాచ్. సివిల్ ఇంజనీరును. బడి జ్ఞాపకం ఒకటి చెప్పమన్నారు. అది చెప్పి, ఒక కోరిక కూడా కోరతాను.

మా తరగతిలో జమ్మలమడుగు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే మిత్రుడొకడు ఉండేవాడు. నోటిలెక్కలు మా అందరికన్నా ముందు చెప్పేవాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క వాక్యం చదవడానికి చెమటలు పట్టేవి. ‘మొద్దు’ అని పేరు పెట్టింది మేమే. ఎనిమిదిలో బడి మానేశాడు. కారణం ఏమిటో అప్పట్లో మాకెవరికీ తెలియదు.

పాతికేళ్ల తర్వాత మా అబ్బాయి అచ్చం అట్లే చదవసాగాడు. వాడిని కొట్టాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తర్వాత ‘పిల్లల సైకాలజిస్టు’ అని బోర్డు పెట్టుకున్న ఒకాయనకు చూపించాను. పది నిమిషాల్లో ‘తెలివి తక్కువ’ అని తేల్చేశాడు. ఏడాది పాటు అదే నమ్మాం. ఆయన చదివింది కొన్ని వారాల కోర్సేనని తర్వాత తెలిసింది. ఇల్లు కట్టే మేస్త్రీ గురించి నలుగురిని విచారించే నేను, కొడుకును చూసే మనిషి చదువేమిటని అడగలేదు.

చివరకు బెంగళూరు పోయాం. అక్కడి క్లినికల్ సైకాలజిస్టు మేడం మొదట కళ్లూ చెవులూ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఆ తర్వాత మూడు రోజులు వాడితో ఆడారు, చదివించారు, రాయించారు, పరీక్షలు పెట్టారు. నన్నూ మా ఇంటామెనూ విడిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరు ఎవరితో ఎట్లా మాట్లాడతారో అడిగారు. ‘‘మీ నాన్న ఇంటికి రాగానే నువ్వేం చేస్తావు?’’ అని వాడిని అడిగితే, ‘‘పుస్తకం దాచిపెడతా’’ అన్నాడు. వాడికున్నది డిస్లెక్సియా. తెలివికి ఏ లోటూ లేదు. వాడితో పాటు నేనూ మారాల్సి వచ్చింది. ఇప్పుడు వాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు.

ఆ మేడం చదువు ఎంతో విచారించాను. సైకాలజీలో డిగ్రీ, పీజీ, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. ఆ రెండేళ్లూ ఆస్పత్రిలో, పెద్దల పర్యవేక్షణలో రోగులనూ కుటుంబాలనూ చూస్తూ నేర్చుకోవాలి. నిమ్హాన్స్‌కు మాతృసంస్థ అయిన బెంగళూరు సంస్థలో ఈ తరహా శిక్షణ 1955లోనే మొదలైంది. 1992 చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ నంబరు అడిగే హక్కు మనకుంది. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆయన ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో ఎండీ చేసిన డాక్టరు. సైకాలజిస్టు మందులు రాయరు.

గురువులకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో లైట్నర్ విట్మర్ 1896లో మొదటి సైకాలజీ క్లినిక్కు తెరిచినప్పుడు, అక్కడికి వచ్చిన తొలి పిల్లవాడు స్పెల్లింగులు రాక అవస్థ పడుతున్నవాడు. వాడిని తీసుకొచ్చింది వాళ్ల టీచరమ్మ. తల్లిదండ్రుల కంటే ముందు కనిపెట్టగలిగింది మీరే.

2016 వికలాంగుల హక్కుల చట్టం చదవడంలో, రాయడంలో ఉండే ఇటువంటి ఇబ్బందులను కూడా గుర్తించింది. కాబట్టి నా కోరిక ఇది. ఏటా జూన్‌లో మన బడి పిల్లలందరికీ కళ్లు, చెవుల పరీక్ష చేయిద్దాం. నమోదైన క్లినికల్ సైకాలజిస్టును తిరుపతి నుంచో బెంగళూరు నుంచో మూడు నెలలకొకసారి పిలిపిద్దాం. పిల్లవాడితో పాటు అమ్మానాన్నలూ వచ్చి కూర్చోవాలి. తొలి ఏడాది ఖర్చు నాది. అత్యవసరంగా మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. దాన్ని ప్రతి తరగతి గోడ మీదా రాయిద్దాం.

ఈ సభకు రమ్మని ఆ పాత మిత్రుడికి ఫోన్ చేశాను. ‘‘ఆ గేటు లోపలికి రాబుద్ధి కాదురా’’ అన్నాడు. మా బ్యాచ్ తరఫున వాడికి ఇక్కడి నుంచే క్షమాపణ చెబుతున్నాను. ఈ గేటు దగ్గర ఇంకో పిల్లవాడికి ఆ మాట అనిపించకుండా చూద్దాం.