ఉయ్యాల ఊపే చేతికి పలక ఎవరిస్తారు?

(వాడలో ఒక బిడ్డను ఉయ్యాలలో వేసిన రోజు సాయంత్రం, అంబేద్కర్ విగ్రహం దగ్గర జరిగిన సభలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన వాడలో ఒక ఇంట్లో మూడో బిడ్డను ఉయ్యాలలో వేశాం. పాటలు పాడాం, సెనగలు పంచాం, బిడ్డ చల్లగా ఉండాలని అందరం దీవించాం. రెండు ముక్కలు మాట్లాడమని సంఘం పిల్లలు మైకు మా చేతికిచ్చారు. దీవెనలు అయిపోయినై గనక ఇప్పుడు లెక్కలు మాట్లాడుకుందాం. బిడ్డ పుడితే ఇంటిల్లిపాదికీ సంతోషమే. మరి ఆ సంతోషానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? మేమడిగేది డబ్బు ఖర్చు కాదు. ఒంటి ఖర్చు, చదువు ఖర్చు.

ముందు మా ఇంటి సంగతే చెప్తాం. పక్కింటి సంగతి చెప్పడం ఎవరికైనా తేలికే గదా.

మా అమ్మా నాన్నా కూలోళ్ళు. మేము ఐదుగురం పిల్లలం. అందరికంటే పెద్దది అక్క. అక్క మూడో తరగతిలో ఉండగా మా అమ్మకు మూడో కాన్పయింది. నెల తిరక్కుండానే అమ్మ మిరపకాయల కోతకు పోయింది. పోకపోతే పొయ్యి వెలగదు. మరి బిడ్డనెవరు చూడాల? అక్క చూడాల. పలక చూరులో పెట్టి బిడ్డను చంకనెత్తుకుంది. ఆ బిడ్డ చంక దిగేసరికి ఇంకో బిడ్డ. ఆ బిడ్డ దిగేసరికి మరో బిడ్డ. అక్క చంకలో పెరిగిన ముగ్గురం బడికి పోయాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. మా వంశంలోనే మొదటిది. ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజు ఆ కాగితం తెచ్చి అక్క చేతిలో పెట్టాం. అక్క దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి సంతోషపడింది.

సభల్లో మమ్మల్ని చూపించి, కష్టపడి చదువుకుని పైకొచ్చారు అంటారు. మా కష్టం సగమే. మిగతా సగం మా అక్క వదిలిపెట్టిన మూడో తరగతి.

అది పాతకాలం గదా టీచరుగారూ, ఇప్పుడట్లా ఎక్కడుంది అంటారేమో. అయితే మా బడి హాజరు పట్టీ చూడండి. పేరు చెప్పం. ఏడో తరగతి పిల్ల. లెక్కల్లో క్లాసుకంతా ముందుండేది. ఆమధ్య వరసగా పద్దెనిమిది రోజులు బడికి రాలేదు. జ్వరమా అంటే కాదు. అమ్మకు కాన్పయింది. అదే ఇంట్లో ఆ పిల్ల కంటే ఏడాది చిన్నోడు తమ్ముడున్నాడు. వాడు ఒక్క పూట కూడా మానలేదు. కాన్పు ఇద్దరి అమ్మకూ అయింది గదా! మరి బడి ఒక్కరికే ఎందుకు ఆగింది? ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. కొత్త బిడ్డ వచ్చిన చాలా ఇళ్ళల్లో పెద్ద ఆడపిల్ల పేరు ఎదురుగా ఆబ్సెంటు పడుతోంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు హక్కని 2009లో చట్టం చేశారు. ఆ చట్టం బడి గేటు దాకా వచ్చింది. మన ఇంట్లో ఉయ్యాల దాకా ఇంకా రాలేదు.

పెద్దపిల్ల బడి మానడానికి కారణమేంది? తల్లి చెడ్డదా? కాదు. పచ్చి బాలింత పన్లోకి పోవాల్సి రావడమే కారణం. సర్కారు బడి టీచరుకు జీతంతో 180 రోజులు ప్రసూతి సెలవుంది. మిరపకాయలు కోసే తల్లికి ఎన్ని రోజులుంది? ఇద్దరి ఒంట్లోనూ ఒకటే రక్తం, ఇద్దరివీ ఒకటే నొప్పులు. ఒకరికి సెలవు హక్కయింది, ఇంకొకరికి సెలవంటే పస్తయింది.

ఈ మాట బాబాసాహెబ్ ఏనాడో ఎత్తారు. ఆయనకు కాన్పంటే పుస్తకంలో చదివిన సంగతి కాదు. ఆయన తన తల్లి భీమాబాయికి పద్నాలుగో సంతానం. ఆ పద్నాలుగు మందిలో బతికి బట్టకట్టింది ఐదుగురే. ఆయనకు ఐదారేళ్ళ వయసులో తల్లి చనిపోయింది. ఆయనకూ రమాబాయికీ ఐదుగురు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. అట్లాంటి మనిషి 1928లో బొంబాయి శాసనమండలిలో ఆడకూలీల ప్రసూతి సాయం బిల్లు వస్తే లేచి బలపరిచారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలన్నారు. ఆమె చేత పని చేయించుకుని లాభపడే యజమాని ఆ భారం మోయాలన్నారు. 1929లో అది చట్టమైంది. 1938లో ఆయన పార్టీ అదే బొంబాయిలో, బిడ్డలు ఎప్పుడు కావాలో ఎంతమంది కావాలో నిర్ణయించుకునే సౌకర్యం జనానికి కల్పించాలని తీర్మానం పెట్టింది. అది ఓడిపోయింది. ఈ రెండూ కలిపి చూడండి. కన్న తల్లికి విశ్రాంతి కావాల, వద్దనుకున్న తల్లికి దారి కావాల. రెండు చోట్లా మాట తల్లిదే కావాల.

మన పాలకులు ఏం చేశారు? 1994 పంచాయతీరాజ్ చట్టంలో, ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే సర్పంచికీ వార్డు మెంబరుకూ పనికిరారని రాశారు. మనకు రిజర్వేషన్ వచ్చిన సీట్లలో కూడా మన ఆడవాళ్ళను ఆ మాటతో పక్కన కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళు నడిపి, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన ఎత్తేశారు. ఇప్పుడేమో జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అంటున్నారు. నిన్న కనొద్దన్నారు, ఇవాళ కనమంటున్నారు. నిన్న గానీ ఇవాళ గానీ, అమ్మా నీకు తిండి ఉందా, నీ ఒంట్లో రక్తం ఉందా అని అడిగారా?

కాగితం మీద సాయం ఉంది. 2013 ఆహార భద్రత చట్టంలో గర్భిణీ తల్లికి 6000 రూపాయలకు తగ్గకుండా సాయం అందాలని రాశారు. తీరా కేంద్రం పథకం దగ్గరికొచ్చేసరికి 2017 నుంచి మొదటి కాన్పుకు 5000 అన్నారు. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6000 అన్నారు. మూడో కాన్పుకు సున్నా. మూడో బిడ్డ ఆకలి వేరేగా ఉంటుందా?

ఇంకో సంగతి. ఒక ఆసుపత్రిలో మన తల్లిని పట్టుకుని, "మూడోదా? మీకింకేం పని లేదా?" అన్నారు. ఆ మాట పడలేక కొందరు తల్లులు ఏడో నెల వచ్చేదాకా ఏఎన్‌ఎంకు పేరే ఇవ్వడం లేదు. రక్తం తక్కువుందన్న సంగతి కాన్పు నాడు బయటపడుతోంది. మాటన్నవాళ్ళు మర్చిపోతారు. ప్రాణం మీదికొచ్చేది మన తల్లికి. మన నాయనమ్మల్లో మంత్రసానులుండేవాళ్ళు. ఊళ్ళో పెద్దిళ్ళ బిడ్డల్ని మొదట పట్టుకున్నవి ఆ చేతులే. పురిటి స్నానం అయిపోగానే ఆ చేతులే అంటరానివయినై. వాళ్ళ మనవరాళ్ళం ఇవాళ కాన్పు బల్ల మీద మాటలు పడాలా?

ఇక మనం చేసుకోవాల్సిన పని. ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. మన గడప లోపల చేయాల్సింది కూడా చేద్దాం.

ఒకటి. ఎన్నో కాన్పయినా నెల తప్పగానే పేరు రాయించండి. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, పెద్దాపరేషను, మందులు, రక్తం, రానూపోనూ బండి, తల్లికి భోజనం అన్నీ ఉచితమని 2011 నుంచి ఉంది. దానికి ఎన్నో కాన్పన్న లెక్క లేదు. ఎవరన్నా చెయ్యి చాపితే, మాట తూలితే, సంఘానికి చెప్పండి. పదిమందిమి పోయి అడుగుదాం.

రెండు. బాలింతను కనీసం రెండు నెలలు పన్లోకి పంపొద్దు. ఇంటికి గుప్పెడు బియ్యం, వారానికి రెండు గుడ్లు పోగేస్తే వాడలో ఏ బాలింతా పస్తుండదు. పథ్యమని కడుపు మాడ్చొద్దు. తల్లికి ముద్ద పడితేనే బిడ్డకు పాలు పడతాయి. ముర్రుపాలు పిండి పారబోయొద్దు, పుట్టిన గంటలోపే బిడ్డకు పట్టాల.

మూడు. ఇరవై ఒక్క రోజుల్లోపు బిడ్డ పుట్టుక నమోదు చేయించండి, రుసుము లేదు. మా పుట్టినరోజు హెడ్‌మాస్టరు ఊహించి రాసింది. 2023 అక్టోబరు నుంచి పుట్టిన బిడ్డకు బడికైనా ఉద్యోగానికైనా పుట్టిన సర్టిఫికెట్టే ఆధారం. పేరు మంచిది పెట్టండి. వరసగా బిడ్డలు పోతుంటే, పుట్టిన బిడ్డను పెంట మీద దొర్లించి పెంటయ్య అని పిలుచుకున్న రోజులు మనవి. ఇక చాలు.

నాలుగు. మగోళ్ళకు చెప్తున్నాం. బిడ్డ గుడ్డలు ఉతికితే చెయ్యి అరగదు. ఉయ్యాల తాడు మగ చేతికీ అందుతుంది. ఇక చాలనుకుంటే ఆపరేషను మీరు చేయించుకోండి. ఆడదాని ఆపరేషను కంటే మగాడిది తేలిక, బలం తగ్గదు. ఇంకా కావాలనుకుంటే, కాన్పయ్యాక రెండేళ్ళన్నా ఆగండి.

అయిదు. కాన్పయిన ఇంటి ఆడపిల్ల మూడు రోజులు వరసగా బడికి రాకపోతే, నాలుగో రోజు మేము ఆ ఇంటికొస్తాం. తిట్టడానికి కాదు. బిడ్డను పగలు ఎవరు చూడాలో కూర్చుని వంతులు వేయడానికి. నాయన ఒక పూట, నాయనమ్మ ఒక పూట, పక్కింటి పిన్ని ఒక పూట. మూడేళ్ళ పిల్లోడు అంగన్‌వాడీకి. పెద్దపిల్ల బడికి.

ఇవాళ ఉయ్యాలలో వేసిన బిడ్డ రేపు డాక్టరు కావాల, కలెక్టరు కావాల అని అందరం దీవించాం. కావాల్సిందే. కానీ అక్క పలకను చూరులోకి ఎక్కించి తమ్ముడు కలెక్టరయితే, మన వాడ సగమే లేచినట్టు. ఆ తప్పు మా ఇంట్లో జరిగింది. దాని ఫలం తిన్నది మేమే గనక చెప్పే బాధ్యత కూడా మాదే.

మా అక్క ఇవాళ ఈ సభలో ముందు వరసలోనే కూర్చుంది. ఆమె మనవరాలు ఆరో తరగతి చదువుతోంది. ఆ పిల్ల ఇంట్లోనూ పోయిన నెల కాన్పయింది. ఆ పిల్ల ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఉయ్యాల దగ్గర కూర్చున్నది ఆ పిల్ల నాయన.

జై భీమ్! జై సావిత్రీబాయి!