గట్టి రక్తం ఏ కులానిదీ కాదు

(త్రిపురాంతకంలో కూలీల సభలో చేసిన ప్రసంగం)



వానల్లేక, పనుల్లేక గుంటూరుకీ హైదరాబాదుకీ వలసపోయే వాళ్ళం మనం. "ఎండలో కాలిన ఒళ్ళు, మాకు హెచ్‌ఐవీ ఏం చేస్తుందిలే" అని మనలో కొందరంటారు. "ఆ పల్లెలో వాళ్ళ రక్తమే అంత" అని ఊళ్ళో కొందరంటారు. రెండూ తప్పే. ఎందుకో చెప్పుకుందాం.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలోంచి మచ్చు తీసి చూస్తారు గదా. మన ఒంట్లో కణాలూ అంతే. లోపల తయారయ్యేవాటి ముక్కల్ని మచ్చుగా పైకి తెచ్చి చూపిస్తాయి. ఆ మచ్చు పట్టుకునే అణువుల పేరు హెచ్‌ఎల్‌ఏ. అందులో వైరస్ ముక్క కనబడితే రక్షణ కణాలు ఆ కణాన్ని చంపేస్తాయి. ఏ ముక్క పైకొస్తుందన్నది అమ్మానాన్నల నుంచి మనకొచ్చిన హెచ్‌ఎల్‌ఏ రకాన్ని బట్టి ఉంటుంది. మందుల్లేకుండా ఒకరు త్వరగా చిక్కిపోవడానికి, ఇంకొకరు ఏళ్ళతరబడి నిలబడటానికి ఇదొక కారణం.

మరి వైరస్ ఊరుకుంటుందా? అది తన నకళ్ళు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి. పట్టుబడే ముక్క ఏ నకలులో మారిపోయిందో ఆ నకలు బతికిపోతుంది. అదే పెరిగి ఇంకొకరికి అంటుతుంది.

జపానులో దాదాపు ఐదుగురిలో ఒకరికి బి-51 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఉంది. 1980ల మొదట్లో హెచ్‌ఐవీ సోకినవాళ్ళకి అది కాపు కాసింది. తర్వాత సోకినవాళ్ళకి ఆ కాపు దక్కలేదు. దాన్ని తప్పించుకున్న వైరసే అక్కడ బాగా వ్యాపించిందని 2009లో తేలింది. ఆఫ్రికాలోని బోట్స్వానాలో బి-57 రకం ఇచ్చే కాపు కూడా అట్లాగే పోయిందని 2014లో తేలింది. అయితే తప్పించుకునే మార్పుల్లో కొన్ని వైరస్‌నే బలహీనం చేస్తాయి. ఆ రకం లేని మనిషిలోకి పోతే అది మళ్ళీ పాత రూపానికి రావచ్చు.

కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోబట్టి ఒక్కో కులంలో కొన్ని జన్యువులు పోగుపడ్డాయని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు 2009లో చూపించారు. అంతమాత్రాన ఏ కులానికీ కవచం రాలేదు, ఏ కులానికీ శాపం లేదు. ఒక తల్లి బిడ్డలకే హెచ్‌ఎల్‌ఏ వేరుగా ఉండొచ్చు. ఇవాళ కాపు కాసే రకాన్ని కూడా రేపు వైరస్ దాటిపోగలదు.

అందుకే రక్తాన్ని నమ్ముకోవద్దు, మందుని నమ్ముకుందాం. ఒకే మందునైతే వైరస్ దాటిపోతుంది. అందుకని మూడు మందులు కలిపి ఇస్తారు. ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. మాత్రలు నాగా పెడితే వైరస్‌కి మనమే దారి చూపినట్టు. పరీక్ష చేయించుకుందాం. సోకినవాళ్ళని పనిలోంచి, బడిలోంచి, ఆసుపత్రిలోంచి వెళ్ళగొట్టడం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. అట్లా ఎవరినైనా గెంటితే, ఆ మనిషి పక్కన మనమంతా నిలబడదాం.