పందెమూ ద్రోహమూ

కౌరవసభలోని జూదాన్ని తలచినప్పుడు మన కంటికి ఇద్దరు కనిపిస్తారు: ఆడిన ధర్మరాజు, ఆడించిన శకుని. ధర్మరాజుది వ్యసనం, శకునిది కపటం. ఈ రెండింటినీ లోకం ఎన్నడూ ఒకే త్రాసులో తూచలేదు. క్రీడలలోని పందేలను గురించీ, వాని వెంట వచ్చే అక్రమాలను గురించీ ఆలోచించేటప్పుడు మనం ఈ భేదాన్ని మరువరాదు.

1867 నాటి పబ్లిక్ గాంబ్లింగ్ చట్టం జూదగృహాన్ని నడిపేవానికి 200 రూపాయల వరకు జరిమానా గాని, 3 నెలల వరకు ఖైదు గాని విధించింది. అందులో పట్టుబడినవానికి 100 రూపాయలు, లేదా ఒక నెల. ఆ చట్టం చూపు జూదగృహాన్నీ, బహిరంగ వీధులలోని జూదాన్నీ దాటలేదు. మైదానంలో నిలిచి ఆటనే అమ్ముకొనేవాని ప్రసక్తి అందులో లేదు.

2010లో లండనులోని లార్డ్స్ మైదానంలో పాకిస్తాను క్రీడాకారులు సొమ్ముకు లోబడి కావాలనే నోబాల్స్ వేసిన ఉదంతం బయటపడింది. మరుసటి సంవత్సరమే అక్కడి న్యాయస్థానం ముగ్గురు ఆటగాళ్ళకూ, వారి మధ్యవర్తికీ నిర్బంధశిక్ష విధించింది. మన దేశంలో 2013 ఐ.పి.ఎల్. పోటీలలో ఇటువంటి ఆరోపణ మీదనే ముగ్గురు ఆటగాళ్ళు అరెస్టయ్యారు. 2015లో ఢిల్లీ న్యాయస్థానం వారిని కేసునుండి విముక్తులను చేసింది. మ్యాచ్ ఫిక్సింగు శిక్షాస్మృతి చెప్పిన మోసం క్రిందికి రాదనీ, దానిపై చర్య తీసుకోవలసినది క్రికెట్ బోర్డేననీ 2022లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పింది.

అయితే బోర్డు విధించే నిషేధం చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. బోర్డుకు బ్యాంకు ఖాతాలను సోదా చేసే అధికారం లేదు. నిరపరాధికి కూడా అక్కడ రక్షణ తక్కువ. హైదరాబాదు క్రీడాకారుడు అజహరుద్దీన్‌పై 2000లో బోర్డు జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదన్నది. నడుమ పన్నెండేళ్ళు గడచిపోయాయి. న్యాయస్థానంలోనైతే నేరం నిస్సందేహంగా ఋజువు కావాలి. కనుక నేరవిచారణ దోషికి ఎంత భయమో, నిర్దోషికి అంత అభయం.

ఇక పందెం కాసి కొంప కూల్చుకొన్న అభాగ్యుని మాట. అతనిని జైలుకు పంపితే ఆలుబిడ్డలకు మరింత కష్టమే. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ సంగతి గుర్తించింది. డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నడిపేవారికి 3 సంవత్సరాల వరకు ఖైదు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవానికి మాత్రం శిక్ష లేదు.

ఈ వివేకమే మైదానానికీ వర్తించాలి. ఫిక్సింగును నేరంగా పరిగణించాలని మన లా కమిషన్ 2018లో సిఫారసు చేసింది. శ్రీలంక 2019లో అందుకు ప్రత్యేకంగా చట్టం చేసింది. మనమూ చేయవలసి ఉన్నది.

రేడియో ప్రక్కన కూర్చుని, బంతి బంతికీ ఊపిరి బిగబట్టి వ్యాఖ్యానం వినే పిల్లవాడు ఏ పందెమూ కాయడు. ఆట నిజమని నమ్ముతాడు, అంతే. ఆ నమ్మకాన్ని అమ్ముకొన్నవానిని నేరస్థుడనడానికి మన చట్టం వెనుకాడరాదు.